పేగు బాక్టీరియాతో షుగర్‌ని ముందే చెప్పగలమా: మీ 96 శాతం లెక్క గురించి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. తిరుపతిలో ఒక ఆస్పత్రి షుగర్ ఓపీ నుంచి 60 మంది, షుగర్ లేనివాళ్లుగా కాలేజీ విద్యార్థులూ సిబ్బందీ కలిపి 60 మంది. మొత్తం 120 మోషన్ శాంపిళ్లు, 16ఎస్ సీక్వెన్సింగ్ (16ఎస్ అనే ఒక్క జన్యువును చదివి ఏ బాక్టీరియా ఎంత ఉందో చూడడం), దాని మీద రాండమ్ ఫారెస్ట్ (వందల నిర్ణయ చెట్ల ఓట్లతో తీర్పు చెప్పే మోడల్). కచ్చితత్వం 96 శాతం వచ్చింది. దీన్ని చిత్తూరు, పలమనేరు వైపు పల్లెల్లో స్క్రీనింగ్‌కు వాడాలంటే ఏం చేయాలి, షుగర్ రాకముందే ఇది చెప్పగలదా?

ఇప్పుడున్న మోడల్‌ను ఎక్కడా వాడకండి. 96 చూసి సంతోషించే ముందు అనుమానించాలి, ఎందుకంటే ఇదే పనిని ఇంతకన్నా పెద్ద ఎత్తున, ఖరీదైన సీక్వెన్సింగ్‌తో చేసినవాళ్లకు అంత రాలేదు. 2012లో చైనాలో 345 మందితో చేసిన అధ్యయనంలో 50 జన్యు గుర్తులతో ఏయూసీ 0.81 వచ్చింది. 2013లో స్వీడన్‌లో 70 ఏళ్ల వయసున్న 145 మంది మహిళల్లో 0.83. ఈ రెండు డేటాలనూ 2016లో మరో బృందం ఒకే పద్ధతిలో మళ్లీ లెక్కిస్తే 0.75 చుట్టూ తేలింది. ఏయూసీ అంటే, షుగర్ ఉన్న ఒకరినీ లేని ఒకరినీ లాటరీ తీసినట్టు ఎంచుకుంటే, ఉన్నవాళ్లకే మోడల్ ఎక్కువ స్కోరు ఇచ్చే అవకాశం. 0.5 వస్తే బొమ్మా బొరుసూ వేసినట్టే. 120 శాంపిళ్లతో, జాతి (జీనస్) స్థాయి దాకా మాత్రమే చూపించే 16ఎస్‌తో వీళ్లందరినీ దాటేశారంటే మోడల్ ఇంకేదో పట్టుకుంది.

ఆ ఇంకేదో చాలావరకు మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర. ఓపీకి వచ్చే షుగర్ పేషెంట్లలో ఎక్కువమంది అది వేసుకునేవాళ్లే, మీ విద్యార్థుల్లో ఎవరూ వేసుకోరు. మెట్‌ఫార్మిన్ పేగులో ఎక్కువ మోతాదులో నిలుస్తుంది, అక్కడి బాక్టీరియాను నేరుగా మార్చేస్తుంది. ఎషరీషియా పెరుగుతుంది, ఇంటెస్టినిబాక్టర్ బాగా తగ్గిపోతుంది. 2015లో డెన్మార్క్, స్వీడన్, చైనా డేటా కలిపి 784 శాంపిళ్లను మందు వాడేవాళ్లు, వాడనివాళ్లుగా విడదీసి చూశారు. అంతకుముందు షుగర్ గుర్తులనుకున్న వాటిలో పెద్ద భాగం ఈ మాత్ర గుర్తులని తేలింది. మందు వాడనివాళ్లలో మిగిలిన తేడా చిన్నది: బ్యూటిరేట్ తయారుచేసే బాక్టీరియా తగ్గడం. అంటే రోజ్‌బ్యూరియా, ఫీకాలిబాక్టీరియం లాంటివి. పీచు పులిసినప్పుడు పుట్టే ఆ బ్యూటిరేట్ పెద్దపేగు గోడకు ఆహారం. ఇన్సులిన్ విడుదలకు సాయపడే జీఎల్‌పీ-1 హార్మోన్‌ను పేగు కణాల చేత విడుదల చేయించే సంకేతాల్లోనూ దానికి పాత్ర ఉంది. మనం వెతకాల్సిన సంకేతం ఈ చిన్న తేడాయే. మీ మోడల్ మాత్రం షుగర్ మాత్ర వేసుకుంటున్నారా లేదా అన్నది చెబుతోంది. దానికి పేషెంటును అడిగితే సరిపోతుంది కదా.

మిగతా దోషులు వయసు, తిండి, బ్యాచ్. ఓపీ వాళ్లు యాభైల్లో ఉంటారు, విద్యార్థులు ఇరవైల్లో. ఒకరిది ఇంటి సంగటి, మరొకరిది హాస్టల్ మెస్ అన్నం. పేషెంట్ల శాంపిళ్లు ఒక నెలలో, మిగతావి ఇంకో నెలలో తీసి విడివిడి ప్లేట్లలో (ల్యాబ్‌లో ఒక విడతగా నడిపే శాంపిళ్ల పలకల్లో) ల్యాబ్‌కు పంపి ఉంటే ఆ ప్లేటు తేడా ఒక్కటే మోడల్‌కు చాలు.

నా మాట మీద నమ్మక్కర్లేదు. ఉన్న డేటా మీదే ఒక సాయంత్రంలో నాలుగు పరీక్షలు చేసి చూడండి. మొదటిది, బాక్టీరియా మొత్తం తీసేసి వయసు, నడుం చుట్టుకొలత, శాంపిల్ తీసిన నెల, ప్లేటు నంబరు ఇవి మాత్రమే ఇచ్చి మోడల్ నడపండి. అప్పుడూ 90 దాటితే బాక్టీరియా చేసిన పని ఏమీ లేదు. రెండోది, షుగర్ ఉన్నవాళ్లను మాత్రమే తీసుకుని, బాక్టీరియాతో మెట్‌ఫార్మిన్ వాడకాన్ని ఊహించమనండి. అది సులువుగా చెప్పేస్తుంటే మాత్ర ముద్ర అంత బలంగా ఉందన్నమాట. మూడోది, షుగర్ లేనివాళ్లను మాత్రమే తీసుకుని ప్లేటు నంబరును ఊహించమనండి. ఏయూసీ 0.5 దగ్గర ఉండాలి. నాలుగోది, ఉన్నారు లేరు అన్న లేబుళ్లను తారుమారు చేసి మొత్తం పైప్‌లైన్‌ను 1000 సార్లు నడపండి. సగటు ఏయూసీ 0.5 రావాలి, 0.6 దాటితే ఎక్కడో లీకేజీ ఉంది, అంటే పరీక్ష జవాబులు మోడల్‌కు ముందే తెలిసిపోతున్నాయి.

లీకేజీకి సాధారణ కారణం ఫీచర్ల ఎంపిక, అంటే మోడల్‌కు ఏ బాక్టీరియాలు ఇవ్వాలో ఏరడం. ముందు 120 శాంపిళ్లూ కలిపి షుగర్ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య తేడా ఉన్న 20 బాక్టీరియాలను ఏరి, ఆ తరువాత వాటితో క్రాస్ వాలిడేషన్ (డేటాను మడతలుగా విడదీసి, కొన్నింటితో నేర్పి మిగిలినదాని మీద పరీక్షించడం) చేస్తే, పరీక్షలో రావాల్సిన ప్రశ్నలు ముందే చూపించి పరీక్ష పెట్టినట్టే. ఏరడం, స్కేలింగ్, హైపర్‌పారామీటర్ల (మోడల్ సెట్టింగుల) సర్దుబాటు అన్నీ ట్రెయినింగ్ మడతలోపలే జరగాలి. లోపల సర్దుబాటుకు ఒక లూపు, బయట పరీక్షకు ఒక లూపు. బయట 5 మడతలు, దాన్ని 10 సార్లు వేరువేరు విభజనలతో తిప్పితే చాలు. ఇంకో లీకేజీ మన దగ్గర ఎక్కువ: ఒకే ఇంటి మనుషులు. భార్యాభర్తలు, తల్లీకొడుకుల పేగు బాక్టీరియా బయటివాళ్లతో కన్నా ఒకరితో ఒకరికి ఎక్కువ పోలుతుంది. ఒకరు ట్రెయినింగ్‌లో, ఒకరు టెస్టులో పడితే మోడల్ ఇంటిని గుర్తుపడుతుంది. కాబట్టి మడతలు మనుషుల వారీగా కాక ఇంటి నంబరు వారీగా వేయాలి.

ఇంకొకటి, 60కి 60తో నిజమైన ఏయూసీ 0.75 అనుకున్నా, దాని 95 శాతం విశ్వాస పరిధి సుమారు 0.66 నుంచి 0.84 దాకా సాగుతుంది. ఇంత వెడల్పు అంచనాతో రెండు మోడళ్లలో ఏది మంచిదో తేల్చలేం. రాండమ్ ఫారెస్టా, ఎక్స్‌జీబూస్టా, న్యూరల్ నెట్‌వర్కా అన్న చర్చ మీద టైము పెట్టకండి. ఈ సైజు డేటాకు 500 చెట్ల రాండమ్ ఫారెస్టూ, పక్కన పోలికకు ఎలాస్టిక్ నెట్ లాజిస్టిక్ రిగ్రెషనూ చాలు. డీప్ లెర్నింగ్ ఇక్కడ దండగ.

ఇప్పుడు మళ్లీ మొదలుపెడితే ఎలా చేయాలో చూద్దాం. అసలు కీలకం మనుషుల్ని ఎంచుకోవడంలో ఉంది. షుగర్ ఉన్నవాళ్లను ఒకచోట, లేనివాళ్లను ఇంకోచోట వెతకకండి. ఒకే వరసలోంచి తీసుకోండి. పల్లెలో స్క్రీనింగ్ క్యాంపు పెట్టి, 35 దాటి, ఇంతవరకు షుగర్ ఉందని ఎవరూ చెప్పనివాళ్లందరి దగ్గరా ముందు మోషన్ శాంపిల్, తరువాత రక్తం తీసుకోవాలి. ఎవరికి షుగర్ ఉందో రక్త పరీక్ష తరువాతే తెలుస్తుంది. అప్పుడు కొత్తగా బయటపడినవాళ్లు ఇంకా ఏ షుగర్ మాత్రా మొదలుపెట్టి ఉండరు, వాళ్ల పక్కింటివాళ్లే కంట్రోళ్లు (పోలికకు తీసుకునే షుగర్ లేనివాళ్లు) అవుతారు. మెట్‌ఫార్మిన్, వయసు, బ్యాచ్ అన్నీ ఒక్క దెబ్బతో చాలావరకు సర్దుకుంటాయి.

రక్త పరీక్షలో పొదుపు చేయొద్దు. గ్లూకోమీటర్ రీడింగ్‌తో లేబుల్ వేస్తే మోడల్ ఎంత మంచిదైనా దండగే. 8 గంటలకు తగ్గకుండా పరగడుపు, ఆ తరువాత 75 గ్రాముల గ్లూకోజ్, 2 గంటలకు రెండో రక్తం. అన్‌హైడ్రస్ కాక మోనోహైడ్రేట్ పొడి దొరికితే 82.5 గ్రాములు తూచాలి. 250 నుంచి 300 మి.లీ. నీళ్లలో కలిపి 5 నిమిషాల్లో తాగించాలి. డెసిలీటరుకు పరగడుపు 126 మి.గ్రా. లేదా ఆ పైన, లేకపోతే రెండు గంటలకు 200 లేదా ఆ పైన ఉంటే షుగర్. పరగడుపు 100 నుంచి 125, లేదా రెండు గంటలకు 140 నుంచి 199 అయితే సరిహద్దు. రక్తాన్ని ఫ్లోరైడ్ ట్యూబులో తీసి వెంటనే ఐస్‌లో పెట్టి, వీలైనంత త్వరగా సెంట్రిఫ్యూజ్ చేయాలి. మామూలు ట్యూబులో వదిలేస్తే రక్తకణాలు గ్లూకోజ్‌ను తినేస్తాయి, గంటకు 5 నుంచి 7 శాతం పడిపోతుంది. ఎండలో అంతకన్నా వేగం. పుంగనూరు వైపు క్యాంపులో పొద్దున తీసిన రక్తం మధ్యాహ్నం తిరుపతి చేరేసరికి సరిహద్దులో ఉన్నవాళ్లు మామూలువాళ్లైపోతారు. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చూపే పరీక్ష) ఒక్కదాన్నే నమ్ముకోవడం కూడా మన ఆడవాళ్ల విషయంలో ప్రమాదం. ఐరన్ లోపం రక్తహీనత ఉంటే అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. కాబట్టి హిమోగ్లోబిన్ కూడా రాసుకోండి.

ప్రశ్నావళిలో మందుల పేర్లు అడిగితే జవాబు రాదు. "తెల్ల మాత్ర, పొద్దున ఒకటి" అంటారు. స్ట్రిప్పులు తెమ్మని ముందు రోజే చెప్పి, ఫోటో తీయండి. మెట్‌ఫార్మిన్‌తో పాటు అకార్బోజ్, వోగ్లిబోజ్ చూడాలి, ఎందుకంటే అవి పిండిపదార్థాన్ని అరగకుండా కింద బాక్టీరియాకు పంపేస్తాయి. గ్యాస్‌కని రోజూ వేసుకునే పాంటోప్రజోల్‌ను చాలామంది మందుగానే లెక్కపెట్టరు. కడుపులో ఆమ్లం తగ్గితే నోటి బాక్టీరియా పేగు దాకా దిగుతుంది, దాని ముద్ర చాలా స్పష్టంగా పడుతుంది. మూడు నెలల్లో యాంటీబయాటిక్ వాడినవాళ్లను వదిలేయండి. మెంతి పొడి, నేరేడు గింజల పొడి, కాకర రసం కూడా అడిగి రాయండి. షుగర్ ఉందని లోలోపల అనుమానం ఉన్నవాళ్లే అవి మొదలుపెడతారు.

తిండి విషయంలో ఇక్కడ మీకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. పలమనేరు, పుంగనూరు మెట్ట ప్రాంతంలో రాగి సంగటి, ఊరిబిండి, ఉలవలు. సూళ్లూరుపేట, గూడూరు వైపు వరి అన్నం, చేపలు. జూన్, జులైలో చిత్తూరు చుట్టుపక్కల మామిడి. చైనాలో గ్వాంగ్‌డాంగ్ అనే ఒక్క రాష్ట్రంలోనే 14 జిల్లాల్లో 7,009 మందిని చూసిన అధ్యయనం 2018లో వచ్చింది. బాక్టీరియాలో తేడాకు జబ్బుల కన్నా జిల్లాయే పెద్ద కారణం. ఒక జిల్లాలో తయారైన మోడల్ మరో జిల్లాకు వెళ్లేసరికి బలం పోయింది. మన దేశంలోనూ 2019లో భోపాల్, కేరళ రెండు చోట్ల 110 మంది ఆరోగ్యవంతులను పోల్చారు. ఎక్కువగా శాకాహారం తినే భోపాల్‌లో ప్రీవొటెల్లా అనే బాక్టీరియా ఆధిక్యం కొట్టొచ్చినట్టు కనిపించింది. అందుకే చైనా, స్వీడన్ మోడళ్లను దించుకుని తిరుపతిలో వాడతామంటే కుదరదు. ఆ రెండూ ఒకదానికొకటే పొసగలేదు. తిరుపతి ఓపీ మోడల్ పలమనేరులో పనిచేస్తుందని ముందే అనుకోవడానికీ ఆధారం లేదు. పరీక్షించే పద్ధతి ఒకటే: నాలుగైదు మండలాల్లో శాంపిళ్లు తీసి, ప్రతిసారీ ఒక మండలాన్ని పూర్తిగా పక్కనపెట్టి మిగతావాటితో నేర్పి, పక్కనపెట్టిన మండలం మీద చూడాలి. ఆ అంకెనే బయటకు చెప్పాలి, మామూలు క్రాస్ వాలిడేషన్ అంకెను చెప్పకూడదు.

శాంపిల్ సేకరణలో ఎక్కువ తప్పులు జరిగేది మరుగుదొడ్డిలోనే. విదేశీ కిట్లలో ఉండే కాగితపు తొట్టి కమోడ్‌కు తగిలించేది. మన ఇండియన్ దొడ్లకు అది పనికిరాదు. పొడిగా తుడిచిన నేల మీద వెడల్పాటి ప్లాస్టిక్ షీటు పరచి, దాని మీద మోషన్ చేసి, నీళ్లు పోయకముందే, మూత్రం కలవకుండా, లోపలి భాగం నుంచి కిట్ చెంచాతో శనగగింజంత తీయాలి. ఫినాయిల్ కలిస్తే ఆ శాంపిల్ పారేయాల్సిందే. ఇదంతా బొమ్మలతో ఒక కాగితం మీద ఇచ్చి, ఆశా కార్యకర్త చేత ఇంట్లో ఒకసారి చెప్పించండి. మోషన్ గట్టిగా ఉందా, పల్చగా ఉందా అన్నది బ్రిస్టల్ చార్టు ప్రకారం 1 నుంచి 7 వరకు రాయించండి. మలం ఎంతసేపు పేగులో నిలిచిందన్నది బాక్టీరియా కూర్పును బలంగా మారుస్తుంది, మలబద్ధకం షుగర్ వాళ్లలో ఎక్కువ. ఇది రాయకపోతే మోడల్ మలబద్ధకాన్ని షుగర్‌గా నేర్చుకుంటుంది.

ఇక వేడి. మే నెలలో తిరుపతిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఉత్త డబ్బాలో ఉంచిన మలంలో కొన్ని గంటల్లోనే ఎషరీషియా, దాని చుట్టాలు పెరిగిపోతాయి. విచిత్రం ఏమిటంటే మెట్‌ఫార్మిన్ పెంచేదీ అదే కుటుంబాన్ని, కాబట్టి ఎండలో ఆలస్యమైన శాంపిల్ షుగర్ శాంపిల్ లాగా కనిపిస్తుంది. స్టెబిలైజర్ ద్రవం ఉన్న ట్యూబు వాడండి, లేదా 95 శాతం ఇథనాల్ వాడండి. 70 శాతం సర్జికల్ స్పిరిట్ మాత్రం వద్దు, అది కూర్పును నిలబెట్టదు. ద్రవంలో వేశాక ముద్దలు విడిపోయేదాకా గట్టిగా ఆడించాలి. అడుగున ముద్దగా మిగిలితే లోపల బాక్టీరియా బతికే ఉంటుంది. స్టెబిలైజర్ ట్యూబులు గది వేడిలో వారాల తరబడి ఆగుతాయని రాస్తారు గానీ, ఆ గది సుమారు 25 డిగ్రీలదని గుర్తుంచుకోండి. బస్సు టాపు మీద పార్సిల్ వేయడానికి అది అనుమతి కాదు. జెల్ ప్యాకులతో ఐస్ బాక్సులో తెచ్చి మైనస్ 80లో పెట్టండి. ఇంటి ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ ఫ్రీజర్‌లో దాచకండి. మంచు కట్టకుండా అది తనంతట తాను వేడెక్కి మళ్లీ చల్లబడుతుంటుంది, ప్రతిసారీ కొన్ని కణాలు పగిలిపోతాయి.

డీఎన్ఏ తీసేటప్పుడు బీడ్ బీటింగ్ (చిన్న పూసలతో కలిపి గట్టిగా ఆడించి కణాలను పగలగొట్టడం) తప్పనిసరి. గట్టి గోడలున్న గ్రామ్ పాజిటివ్ బాక్టీరియా కేవలం రసాయనంతో పగలదు. మీకు కావలసిన బ్యూటిరేట్ తయారీదార్లు ఎక్కువగా ఆ వర్గమే. బీడ్లు లేని కిట్‌తో తీస్తే అవి తక్కువగా, ప్రీవొటెల్లా ఎక్కువగా కనిపిస్తుంది. ప్రతి ప్లేటులో షుగర్, కంట్రోల్ శాంపిళ్లను లాటరీ వేసి కలపండి. ప్రతి ప్లేటులో ఏ శాంపిలూ లేని ఖాళీ ట్యూబు ఒకటి, కూర్పు ముందే తెలిసిన మాక్ కమ్యూనిటీ ఒకటి పెట్టండి. ఖాళీ ట్యూబులో ఏం వస్తే అది కిట్ మురికి. మాక్‌లో కూర్పు తేడా వస్తే ల్యాబ్‌ను అడగాలి.

16ఎస్ అయితే రీడ్ (యంత్రం ఒక్కసారి చదివే డీఎన్ఏ ముక్క) పొడవు ముందే తేల్చుకోండి. ఆ జన్యువులో వి3–వి4 అనే ముక్క, ప్రైమర్లతో (దాన్ని కాపీ చేయడానికి రెండు చివర్లా అతికే చిన్న డీఎన్ఏ తునకలతో) కలిపి సుమారు 460 బేసులు, అంటే డీఎన్ఏ అక్షరాలు. దానికి 2×300 (రెండు చివర్ల నుంచీ చెరి 300 అక్షరాలు చదవడం) కావాలి. చవగ్గా వస్తుందని 2×250 చేయిస్తే, నాణ్యత పడిపోయిన చివరలు కత్తిరించాక రెండు రీడ్లు కలవడానికి మధ్యలో ఏమీ మిగలదు, డాడా2లో (రీడ్లను శుభ్రం చేసి బాక్టీరియా రకాలుగా విడదీసే సాఫ్ట్‌వేర్‌లో) సగానికి పైగా రీడ్లు మెర్జ్ దగ్గరే పోతాయి. 2×250 మాత్రమే దొరికితే వి4 ఒక్కటే చేయించండి, అది సుమారు 250 బేసులే. ఇంకో తప్పు, ప్రైమర్లు కత్తిరించకుండా డాడా2లో పోయడం. ప్రైమర్‌లో ఒకే స్థానంలో రెండు మూడు అక్షరాలు ఉండే చోట్లు ఉంటాయి, వాటివల్ల లేని రకాలు పుట్టి కైమెరాలుగా (రెండు బాక్టీరియాల ముక్కలు అతుక్కున్న నకిలీలుగా) లెక్కలో పడి రీడ్లు గుట్టలుగా ఎగిరిపోతాయి. కైమెరాల దగ్గర మూడో వంతు కన్నా ఎక్కువ పోతుంటే మొదట ప్రైమర్లనే అనుమానించండి. శాంపిల్‌కు 30,000 నుంచి 50,000 రీడ్లు అడగండి, 10,000 లోపు వచ్చినవి పక్కన పెట్టండి. డబ్బు ఉంటే షాట్‌గన్ (ఒక్క జన్యువు కాక శాంపిల్‌లోని డీఎన్ఏ అంతా చదివే పద్ధతి) మేలు. శాంపిల్‌కు 5 గిగాబేసులు (500 కోట్ల అక్షరాలు) తీస్తే స్పీసీస్, జన్యువుల దాకా కనిపిస్తుంది. అప్పుడు ముందు మనిషి డీఎన్ఏ రీడ్లను తీసేయాలి, అది సాంకేతికత కోసమే కాదు, ఆ రీడ్లతో మనిషిని గుర్తుపట్టవచ్చు కాబట్టి కూడా. 16ఎస్, షాట్‌గన్ డేటాలను ఒకే పట్టికలో కలపకండి.

వచ్చిన పట్టిక శాతాల పట్టిక. ఇక్కడే చాలామంది జారిపోతారు. మన వాళ్లలో ప్రీవొటెల్లా ఒక్కటే సగం ఆక్రమించడం సాధారణం. అది 60 నుంచి 30 శాతానికి పడితే, మిగతావన్నీ కలిసి 40 నుంచి 70కి ఎగబాకుతాయి. వాటిలో ఒక్కటీ నిజంగా పెరిగి ఉండకపోవచ్చు. అందుకని ముడి శాతాలకు బదులు సీఎల్ఆర్ మార్పిడి వాడండి. ప్రతి బాక్టీరియా లెక్కను ఆ శాంపిల్ జ్యామితీయ సగటుతో భాగించి లాగ్ తీయడమే. సున్నాలకు లాగ్ లేదు కాబట్టి ముందు 0.5 కలుపుతారు. ఈ 0.5ను 1 చేస్తే ఫలితం మారిపోతుంటే ఆ బాక్టీరియా అరుదైనదన్నమాట, దాని మీద కథ అల్లకండి. కనీసం 10 శాతం మందిలో కనిపించని వాటిని తీసేస్తే సాధారణంగా 80 నుంచి 120 జాతులు మిగులుతాయి.

మోడల్ ఫలితాన్ని దేనితో పోల్చాలన్నది అంతకన్నా ముఖ్యం. చెన్నైలో తయారై 2005లో వచ్చిన భారతీయ షుగర్ రిస్కు స్కోరు ఉంది. నాలుగే ప్రశ్నలు. వయసు 35 లోపు 0, 35 నుంచి 49 అయితే 20, 50 లేదా ఆ పైన అయితే 30. నడుం చుట్టుకొలత ఆడవాళ్లకు 80 సెం.మీ. లోపు 0, 80 నుంచి 89 అయితే 10, 90 లేదా ఆ పైన అయితే 20. మగవాళ్లకు ఈ హద్దులు 90, 100. వ్యాయామం, కష్టపడే పని రెండూ ఉంటే 0, ఏదో ఒకటే ఉంటే 20, రెండూ లేకపోతే 30. తల్లిదండ్రుల్లో ఒకరికి షుగర్ ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20. మొత్తం 60 లేదా ఆ పైన వస్తే ప్రమాదం ఎక్కువ. ఈ హద్దు దగ్గర సున్నితత్వం (షుగర్ ఉన్నవాళ్లను పట్టుకోవడం) 72.5 శాతం, నిర్దిష్టత (లేనివాళ్లను లేదని సరిగా చెప్పడం) 60.1 శాతం. టేపు ఒక్కటే ఖర్చు. మీ మోడల్ దీన్ని దాటాలి. ముందు స్కోరు ఒక్కదానితో ఏయూసీ, ఆ తరువాత స్కోరూ బాక్టీరియా కలిపి ఏయూసీ, రెంటి మధ్య తేడా, ఆ తేడాకు విశ్వాస పరిధి రిపోర్టు చేయండి. తేడా 0.02 అయితే వేల రూపాయల సీక్వెన్సింగ్ దేనికని మండల వైద్యాధికారి అడుగుతాడు. ఆ ప్రశ్న సబబైనదే.

స్క్రీనింగ్ లెక్క కూడా వేసి చూడండి. వెయ్యి మంది ఉన్న ఊళ్లో 100 మందికి బయటపడని షుగర్ ఉందనుకుందాం. సున్నితత్వం, నిర్దిష్టత రెండూ 75 శాతం ఉన్న పరీక్ష పెడితే, వందలో 75 మందిని పడుతుంది. షుగర్ లేని 900 మందిలో 225 మందికీ ఉందంటుంది. ఉందని చెప్పిన 300 మందిలో నిజంగా ఉన్నది నాలుగో వంతు. వాళ్లందరికీ ఎలాగూ రక్త పరీక్ష చేయాలి. ఇప్పటికే ఉన్న షుగర్‌ని కనిపెట్టడానికి మలం అనవసరం, పరగడుపు రక్తం చాలు. ఈ మొత్తం ప్రయాసకు అర్థం ఉండేది రాబోయే షుగర్‌ని చెప్పడంలోనే.

దానికి ఒకసారి తీసిన శాంపిళ్లు చాలవు. శాంపిల్ తీసి, దాచి, ఏళ్లపాటు మనుషుల్ని వెంబడించాలి. ఫిన్లాండ్‌లో 2002లో శాంపిళ్లు ఇచ్చిన 5,572 మందిని 15 ఏళ్లకు పైగా చూసి, కొన్ని బాక్టీరియా గుంపులకూ తరువాత వచ్చిన షుగర్‌కూ సంబంధం ఉందని 2022లో చెప్పగలిగారు. మీకు అంత కాలం అక్కర్లేదు. మన దగ్గర సరిహద్దు షుగర్ నుంచి అసలు షుగర్‌కు మారే వేగం ఎక్కువ. 2006లో వచ్చిన భారతీయ నివారణ ట్రయల్‌లో, గ్లూకోజ్ తాగించిన పరీక్షలో సరిహద్దులో ఉన్న 531 మందిలో, ఏ జోక్యమూ లేని గుంపులో మూడేళ్లలో 55 శాతం మంది షుగర్‌లోకి జారారు. జీవనశైలి మార్పు సలహా ఇచ్చిన గుంపులో 39 శాతం. మీరు సలహా ఇవ్వకుండా చూస్తూ కూర్చోవడం నైతికం కాదు కాబట్టి 39నే లెక్కకు తీసుకోండి. అలాంటి 300 మందిని చేర్చుకుంటే, నాలుగో వంతు మంది మధ్యలో మానేసినా, మూడేళ్లకు 225 మందిలో 88 దాకా కొత్త కేసులు వస్తాయి. ఏయూసీ పరిధి 0.07 అటూ ఇటూ అవుతుంది. గొప్పగా లేదు గానీ పనికొచ్చే అంకె. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే ప్రకారం దేశంలో సరిహద్దు షుగర్ 15.3 శాతం. కాబట్టి 300 మంది కోసం కనీసం రెండు వేల మందిని పరీక్షించాలి. పైన చెప్పిన రిస్కు స్కోరు 60 దాటినవాళ్లనే పిలిస్తే ఆ సంఖ్య బాగా తగ్గుతుంది. మూడేళ్లలో ఎవరైనా మెట్‌ఫార్మిన్ మొదలుపెడితే ఆ తేదీ రాసుకోండి. వాళ్ల మొదటి శాంపిల్ మాత్రమే పనికొస్తుంది.

ఎథిక్స్ కమిటీ అనుమతి, తెలుగులో సమ్మతి పత్రం మొదటి శాంపిల్‌కు ముందే ఉండాలి. శాంపిల్‌ను ఎన్నేళ్లు దాస్తారో, షాట్‌గన్ చేయిస్తే మనిషి డీఎన్ఏ కూడా వస్తుందన్న సంగతీ అందులో రాయండి.

ఇప్పుడు మీ దగ్గరున్న 120 శాంపిళ్లను పారేయకండి. ఆ 60 మంది పేషెంట్ల కేస్ షీట్లు తీసి ఎవరు మెట్‌ఫార్మిన్ మీద ఉన్నారు, రోజుకు 500 మి.గ్రా.నా 2,000 మి.గ్రా.నా, ఎన్ని నెలల నుంచి అన్నది ఒక పట్టికగా రాయండి. 15 మంది అయినా మందు వాడనివాళ్లు దొరికితే, డోసుతో పాటు ఇంటెస్టినిబాక్టర్ తగ్గుతోందా, ఎషరీషియా పెరుగుతోందా చూడండి. సంగటి తినే మన జనంలో మెట్‌ఫార్మిన్ ముద్ర ఎలా ఉంటుందన్నది విడిగా ఒక పేపరుకు సరిపడే ప్రశ్న, దానికి మీ డేటా ఇప్పటికే చాలా దగ్గరగా ఉంది.